ఇరవై మూడో నంబరు స్తంభం

నెలలో మొదటి మంగళవారం, రాత్రి ఏడింటికి
మెథడిస్టు చర్చి వెనక హాల్లో
కౌన్సిలరు హిల్డా థ్రోప్ కూర్చుంటుంది,
పక్కన చల్లారిన టీ, ఎదురుగా మేము.
డార్లింగ్టన్ నవంబరు గాలి
తనకీ ఓటుందన్నట్టు
తలుపు సందులోంచి లోపలికొస్తుంది.

ముందు లేచేది విన్‌స్టన్లీ గారే.
టేపు పెట్టి కొలిచారట, మూలమలుపు గుంత
పోయిన నెలకన్నా అరంగుళం లోతైంది.
పసిబిడ్డ బరువు చదివే నర్సులా చెబుతారు.
"నాలుగు సెంటీమీటర్లు దాటాకే అది గుంత."
"అప్పటిదాకా?"
"అప్పటిదాకా రోడ్డే."
"అయితే నేను పడింది రోడ్డులోనన్నమాట" అని
మోకాలు తడుముకుంటూ కూర్చుంటారు.

నస్రీన్‌ది చెత్తబండి గొడవ.
బండి మూడు వారాలకోసారి వస్తుందని
మా ఇంటి చేప తలకాయలకి
మీరొచ్చి నచ్చజెప్పండి, అంటుంది.

జ్బిగ్నియెవ్ మాట్లాడడు. ఏడాదిగా వస్తున్నాడు,
ఒక్క మాట లేదు. ఫోను చాపుతాడు, అంతే.
వెనక సందులో ఎవరో పారేసి పోయిన పరుపు,
మంచులో ఒకసారి, వానలో ఒకసారి,
చిరుగులోంచి పసుప్పచ్చ పువ్వు లేచి ఒకసారి.

నా వంతు.
ఇంగ్లీషంతా వంటింట్లో సరిచూసుకునే వచ్చాను.
లేచి నిలబడేసరికి సగం కుర్చీలోనే ఉండిపోయింది.
ఇరవై మూడో నంబరు స్తంభం, అన్నాను.
పన్నెండు నుంచి ఐదున్నర దాకా ఆర్పేస్తున్నారు.
నేను వృద్ధుల హోముకి బయల్దేరేది పావుతక్కువ ఐదుకి.
ఐదున్నరకల్లా మిసెస్ కాల్డర్‌ని పక్కకి తిప్పాలి,
వీపు పుండ్లు ఆలస్యాన్ని ఊరుకోవు.

"పొదుపు" అంది హిల్డా. అంకె చెప్పింది.
అంకె పెద్దదే. కాదనలేదు.
దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు మా వైపు.
దీపం ఆర్పి చక్కబెట్టుకోవడం ఇక్కడే చూస్తున్నాను.
ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి
ఇంగ్లీషు కాలేక వెనక్కి పోయింది.
"చీకటి, మేడమ్" అన్నాను. "చాలా చీకటి."

డిసెంబర్లో ఉత్తరం: మీ సమస్యను గుర్తించాం.
తర్వాత వ్యాను, నిచ్చెన, ఇద్దరు మనుషులు.
కిటికీలోంచి చూస్తూ టీ నీళ్ళు కూడా పెట్టాను.
పాత నంబరు గీకేశారు, కొత్తది అంటించారు.
ఇప్పుడది నాలుగువేల ఇరవై మూడో స్తంభం.
పన్నెండు కొట్టగానే ఆరిపోతుంది, ఎప్పట్లాగే.

ఆ వారమే, ఓ తెల్లారుజామున
విన్‌స్టన్లీ గారి వెనక కిటికీలో వెలుగు.
నిద్ర పట్టలేదేమో పాపం అనుకున్నాను.
మర్నాడూ ఉంది. ఆ మర్నాడూ.
ఐదో రోజు తలెత్తి చూస్తే
కర్టెను కడ్డీకి పురికొసతో కట్టిన సైకిలు లైటు,
ముఖం సందువైపు, నేను తడబడే మెట్టు మీదికి.
పగలు ఎదురైతే గుంత గురించే మాట్లాడతాం.
ఇంకేమీ మాట్లాడుకోం.

ఫిబ్రవరి మీటింగు. ఆరో అంశం, పేరు లేని ఫిర్యాదు:
వెనక సందులో ఒక కిటికీ నుంచి
వేకువన వెలుతురు వస్తోంది,
నిద్ర చెడుతోంది, కౌన్సిలు చర్య తీసుకోవాలి.

హిల్డా కళ్ళద్దాలు తీసింది. తుడిచింది. ఇంకా తుడుస్తోంది.
విన్‌స్టన్లీ గారు టేపు లాగుతున్నారు, వదులుతున్నారు.
నస్రీన్ పైకప్పులో ఏదో వెతుకుతోంది.
"ఎవరైనా చూశారా ఆ వెలుతురు?"

కుర్చీ కిర్రుమంది.
జ్బిగ్నియెవ్ లేచాడు, ఫోను జేబులోనే ఉంది.
"చీకటి, మేడమ్" అన్నాడు.
"చాలా చీకటి."

హిల్డా రాసుకుంది.
ఏడో అంశం, గుంత.